జూన్ 1న నీళ్లిస్తే ఎవరి పంట ముందు పడుతుంది? గోదావరి డెల్టాలో ఒక సిమ్యులేషన్ మోడల్ కేస్ స్టడీ

ఏటా మే నెల వచ్చిందంటే గోదావరి డెల్టాలో ఒకటే చర్చ: ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు ఎప్పుడు వదులుతారు? జూన్ నడిమికి అటూ ఇటూగా ఇచ్చే నీటిని జూన్ 1కే ఇచ్చేస్తే సార్వా (ఖరీఫ్ వరి; రబీ వరిని దాళ్వా అంటారు) ముందుగా పడుతుంది, నవంబర్ తుపాన్లు వచ్చేలోపు ధాన్యం ఒడ్డున పడుతుంది అన్నది అధికారుల వైపు నుంచి వినిపించే వాదన. 2022లో జూన్ 1నే నీళ్లు వదిలారు కూడా. వాదనలో పస ఉంది. కానీ నీళ్లు ముందొచ్చినంత మాత్రాన పంట ముందు పడుతుందా? పడితే ఎవరిది పడుతుంది? అందువల్ల ఎవరి చేతిలో ఎంత మిగులుతుంది? ఈ మూడు ప్రశ్నలకు సాగునీటి సలహా మండలి సమావేశంలో జవాబు దొరకడం కష్టం. అక్కడ మాట్లాడేవాళ్లలో ఎవరి అనుభవం వాళ్లకు నిజమే కాబట్టి.

ప్రభుత్వ విధానాల కోసం సిమ్యులేషన్ మోడళ్లు కట్టడం నా వృత్తి. ఒక నిర్ణయం అమలైతే ఏ ఇంట్లో ఏమవుతుందో ముందుగా కంప్యూటర్లో నడిపి చూస్తాం. డెల్టాలో ఒక కాలువ కింది ఊళ్లను తీసుకుని, నీళ్ల తేదీ మీద చేసిన పని వివరాలు ఇవి. కాలువ పేరు, ఊళ్ల పేర్లు రాయడం లేదు. కౌలు ఒప్పందాల గురించి, అప్పుల గురించి రైతులు మాతో మాట్లాడింది పేర్లు బయటికి రావన్న మాట మీదే.

సగటు లెక్క ఏం చెప్పింది

ప్రశ్న మా దగ్గరికి వచ్చేసరికే ఒక ఎక్సెల్ షీట్ తయారుగా ఉంది. నారు పోసిన తేదీని బట్టి కోత తేదీ, కోత తేదీని బట్టి తుపాను ముప్పు, ముప్పును బట్టి సగటు నష్టం. అందులో జూన్ 1కే మార్కులన్నీ పడ్డాయి.

క్యాలెండర్ దగ్గర పెట్టుకుని చూస్తే ఎందుకో తెలుస్తుంది. మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన వరి రకం స్వర్ణ, అదే ఎంటీయూ 7029, సుమారు 150 రోజుల పంట. జూన్ 10న నారు పోస్తే నవంబర్ 7కి కోతకొస్తుంది. జులై 5న పోస్తే డిసెంబర్ 2. మిచాంగ్ తుపాను 2023లో బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5న. జులైలో నారు పోసిన చేలకు అది సరిగ్గా పనలు నేలమీద ఉండే సమయం. 2018లో పెథాయ్ డిసెంబర్ 17న కాట్రేనికోన దగ్గర తీరం తాకింది. ఈ రెండూ చూస్తే ముందస్తు సార్వాకు ఎవరైనా ఓటేస్తారు.

మిగతా తేదీలు కూడా చూడాలి మరి. 1996లో కోనసీమను అతలాకుతలం చేసిన తుపాను వచ్చింది నవంబర్ 6న. జూన్ 10 నాటి స్వర్ణ అప్పటికి పండి చేలోనే ఉంటుంది. పోనీ 125 రోజుల రకం వేస్తే? అదే జూన్ 10 నారు అక్టోబర్ 13కి కోతకొస్తుంది. 2020లో తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది సరిగ్గా అక్టోబర్ 13నే. 2025లో మొంథా నరసాపురం దగ్గరికి వచ్చింది అక్టోబర్ 28 రాత్రి. తేదీ జరిపితే ముప్పు తగ్గొచ్చు గానీ పోదు. ముప్పు తీరు కూడా మారుతుంది. డిసెంబర్ గాలివానకు పడిపోయే చేను బదులు అక్టోబర్ ముసురుకు ఆరని ధాన్యం వస్తుంది. గింజకు నిద్రావస్థ (పండగానే మొలకెత్తకుండా ఆగే గుణం) తక్కువున్న వరి రకమైతే వెన్ను మీదే మొలకెత్తుతుంది. తేమ 17 శాతం దాటితే మద్దతు ధర కొనుగోలులో పేచీ మొదలవుతుంది. రోడ్డు పొడుగునా బరకాలు, వాటిమీద ధాన్యం, మబ్బు పట్టినప్పుడల్లా టెన్షన్.

షీట్‌లో ఇవేవీ లేవు. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది: అందులో రైతు లేడు. ఎకరాలున్నాయి.

14 శాతం అంటే ఎవరికి ఎంత

సగటు లెక్క ఎందుకు దారి తప్పిస్తుందో ఒక ఎకరం మీద చూపిస్తాను. అంకెలు లెక్క తేలిగ్గా ఉండటానికి తీసుకున్నవి. ధర మాత్రం అసలుది. 2024–25లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. మన 75 కిలోల బస్తాకు 1,725.

సార్వాలో ఎకరాకు 28 బస్తాలు పండాయనుకుందాం. కౌలు 10 బస్తాలు పోతే రైతుకు 18 మిగులుతాయి, 31,050 రూపాయలు. దమ్ము (నీళ్లు పెట్టి బురదగా దున్నడం) నుంచి మాసూళ్ల దాకా పెట్టుబడి 30,000 అనుకుంటే చేతిలో మిగిలేది 1,050. ఇప్పుడు వానకు 4 బస్తాలు పోయాయి. దిగుబడి తగ్గింది 14 శాతం. నివేదికలో ఆ అంకె చిన్నదిగానే కనిపిస్తుంది. కౌలురైతుకు మాత్రం 14 బస్తాలు, అంటే 24,150 రూపాయలే వస్తాయి; 1,050 లాభం కాస్తా 5,850 నష్టమైంది. భూమి యజమానికి రావలసిన 10 బస్తాలు 10 బస్తాలే.

ఊళ్లో సొంత భూమి చేసుకునేవాళ్లూ కౌలుకు చేసేవాళ్లూ పక్కపక్కనే ఉంటారు. ఒకే వాన ఇద్దరి మీదా పడుతుంది, లెక్కలు మాత్రం రెండు. పైగా ఈ ఏడాది అప్పు మిగిలిన కౌలురైతు వచ్చే ఏడాది నారు ఆలస్యంగా పోస్తాడు, దాంతో మళ్లీ తుపాను నోటికి దగ్గరవుతాడు. ఒక ఏడాది నష్టం మరుసటి ఏడాది ముప్పుగా మారే ఈ మెలిక ఏ సగటులోనూ కనబడదు. ఒక్కో ఇంటినీ విడిగా పెట్టి, ఏళ్ల తరబడి నడిపిస్తేనే కనబడుతుంది.

ఇలా విడివిడి కుటుంబాలతో ఆర్థిక వ్యవస్థను కట్టాలన్న ఆలోచన కొత్తదేం కాదు. అమెరికా ఆర్థికవేత్త గై ఆర్కట్ 1957లోనే దీన్ని ప్రతిపాదించాడు. పన్ను మార్చితే ఏ కుటుంబం మీద ఎంత భారం పడుతుందో చూడటానికి చాలా దేశాల ప్రభుత్వాలు ఈ మైక్రోసిమ్యులేషన్ పద్ధతినే వాడుతున్నాయి. అయితే అందులో కుటుంబాలు ఒకదాన్నొకటి పెద్దగా పట్టించుకోవు. డెల్టాలో పక్క చేను రైతును పట్టించుకోకుండా వ్యవసాయం నడవదు. అందుకని ఒకరిని చూసి ఒకరు నిర్ణయం తీసుకునే ఏజెంట్ ఆధారిత మోడల్‌కు వెళ్లాం. ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1971లో ఇరుగుపొరుగు ఎంపికల మీద చేసిన పని నుంచి పెరిగిన పద్ధతి ఇది.

మోడల్‌లో ఏముంది

ఒక కాలువ. తల నుంచి శివారు దాకా దాని మీద తూములు, తూముల కింద పంట బోదెలు (చేలకు నీరు చేర్చే చిన్న కాలువలు), బోదెల వెంట కమతాలు, కమతానికొక రైతు. నీరు పైనుంచి కిందికి దిగుతూ దారిలో కొంత ఇంకుతుంది, కొంత పైవాళ్లు తీసుకుంటారు. ప్రతిరోజూ నీటి జమాఖర్చు సరిపోవాలి. ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) నీటిని పదివేల ఎకరాలకు సమంగా పరిస్తే 70 సెంటీమీటర్ల లోతు నిలుస్తుంది; మోడల్‌లో ఎక్కడైనా తేడా వస్తే ఇలాంటి చేతిలెక్కతో పట్టుకోవచ్చు. మురుగు కాలువలు విడిగా ఉన్నాయి. డెల్టాలో పంట మునిగిపోవడానికి వాన ఎంత కారణమో మురుగు దిగకపోవడం కూడా అంతే కారణం. ఎనమదుర్రు, తుల్యభాగ, కౌశిక, ఏ డ్రెయిన్ పేరెత్తినా రైతు చెప్పేది ఒకటే: గుర్రపుడెక్క, పూడిక, సముద్రం దగ్గర మూసుకుపోయిన మొగ.

వాతావరణానికి పాత సంవత్సరాల రోజువారీ వానలు వాడాం. ఒక్కో విధానాన్ని వేలసార్లు నడిపాం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: జూన్ 1 విధానానికి ఏ వానలు కురిపించామో జూన్ 15 విధానానికీ అవే కురిపించాలి. లేకపోతే తేడా విధానం వల్ల వచ్చిందో అదృష్టం వల్ల వచ్చిందో తేలదు. చిన్న విషయంలా ఉంటుంది గానీ, దీన్ని పట్టించుకోని నివేదికలు చాలానే చూశాను.

రైతుల జాబితా దగ్గర అసలు చిక్కు వచ్చింది. ప్రభుత్వ పంటల నమోదు ఈ-క్రాప్‌లో సర్వే నంబరు వారీగా పంట ఉంటుంది, కానీ పేరు చాలాచోట్ల పట్టాదారుదే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు కార్డు రావాలంటే 11 నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమికి ఎసరొస్తుందేమోనని యజమానికి భయం. అడిగితే వచ్చే ఏడాది చేను ఇవ్వడేమోనని కౌలురైతుకు భయం. కాగితం మీద కౌలురైతు కనబడడు. కాబట్టి అసలు రైతుల జాబితా కాకుండా, వాళ్లను పోలిన కల్పిత జనాభాను తయారుచేశాం. కమతాల పరిమాణాలు వ్యవసాయ గణన నుంచి, కౌలు వాటా ఊళ్లో కూర్చుని పెద్దమనుషులతో, ఎరువుల దుకాణాల వాళ్లతో, హార్వెస్టర్ యజమానులతో మాట్లాడిన దాన్నుంచి. ఎవరి చేను ఎవరు చేస్తున్నారో హార్వెస్టర్ డ్రైవర్‌కు తెలిసినంత ఆ ఊళ్లో మరెవరికీ తెలియదు. డబ్బులు ఇవ్వాల్సింది ఎవరో అతనికి కావాలి కదా.

నారు ఎప్పుడు పోస్తారు

మోడల్ గుండెకాయ ఈ ఒక్క నిర్ణయమే. నీళ్లొచ్చిన మర్నాడు రైతు నారు పోస్తాడని రాసేస్తే ఎక్సెల్ షీట్‌కూ మాకూ తేడా లేదు. శివారు ఊళ్లో ఓ పెద్దాయన్ని అడిగాను.

“బాబాయ్ గారూ, బోదెలోకి నీళ్లు ఒకటో తారీకుకే వచ్చేశాయనుకోండి. మీరు నారు పోసేస్తారా?”

“నీళ్లొచ్చాయని పోసేస్తామా అండీ? చేతిలో డబ్బులాడాలి కదండీ. దాళ్వా ధాన్యం తోలి నెల దాటింది, డబ్బులింకా పళ్లేదు. ఇత్తనాలు అరువిత్తాడు గానీ దమ్ముకి ట్రాక్టరోడు అరువు చెయ్యడండి.”

“డబ్బులు కూడా పడ్డాయనుకోండి?”

“ఆయ్, అయినా నేనొక్కణ్నే ముందు పోత్తే ఏం లాబవండీ? ఊళ్లో ముందు పండిన చేలోకే ఎలకలన్నీ వత్తాయి. కోతకొచ్చాక మిషను నా చేలోకి ఎలా వత్తాదండి, పక్క చేలు పచ్చగా ఉంటే?”

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. డెల్టాలో చాలా కమతాలకు దారి ఉండదు. హార్వెస్టర్ ఒకరి చేలోంచి దిగి ఇంకొకరి చేలోకి వెళ్లాలి. పక్క చేను కోయకుండా మీ చేను కోయించుకోవాలంటే వాళ్ల పంటను తొక్కించాలి, లేదా కూలీలను పెట్టి చేత్తో కోయించి పనలు మోయించాలి. ఆ ఖర్చు వేరు. పైగా పక్క చేలో నీళ్లుంటే మీ చేను ఆరదు, నేల జావగా ఉంటే మిషను దిగబడిపోతుంది. ఒకరి తొందర ఒకరికి పనికిరాదు. బోదె కింద తగినంతమంది కదిలితేనే మిగతావాళ్లు కదులుతారు. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1978లో గుంపు ప్రవర్తన గురించి రాసిన హద్దుల మోడల్ ఇక్కడ అతికినట్టు సరిపోయింది: ఒక్కొక్కరికీ ఒక హద్దు ఉంటుంది, తన చుట్టూ అంతమంది మొదలుపెట్టాకే తానూ మొదలుపెడతాడు.

అందుకే మోడల్‌లో రైతు నారు పోయాలంటే మూడు కుదరాలి. బోదెలో నీరు ఉండాలి. చేతిలో డబ్బో, దొరికే అప్పో ఉండాలి. చుట్టుపక్కల తన హద్దుకు తగినంతమంది నారు పోసి ఉండాలి. కాలువ తలలో సొంత భూమి ఉన్నవాళ్లకు మొదటి రెండూ తేలిగ్గా కుదురుతాయి, వాళ్లను చూసి మూడోదీ కుదురుతుంది. శివారు కౌలురైతుకు మూడూ ఆలస్యమే.

నమ్మొచ్చా అని ఎలా చూశాం

మోడల్ చెప్పిన తేదీలు నిజంగా ఊళ్లో జరిగిన తేదీలతో సరిపోవాలి. ఊడ్పుల కాలంలో ఆకాశమంతా మబ్బే కాబట్టి మామూలు ఉపగ్రహ ఫొటోలతో పని జరగదు. సెంటినెల్-1 ఉపగ్రహానిది రాడార్. మబ్బుల్లోంచి కూడా చూస్తుంది. దమ్ము చేసి నీళ్లు నిలిపిన చేను నుంచి రాడార్ సంకేతం బాగా పడిపోతుంది, నాటు ఎదిగేకొద్దీ మళ్లీ పెరుగుతుంది. ఆ పడిపోయిన రోజును బట్టి ఏ ఊళ్లో ఊడ్పులు ఎప్పుడయ్యాయో పట్టుకోవచ్చు. కొన్ని సంవత్సరాలతో మోడల్‌ను సరిచేసి, మిగిలిన సంవత్సరాలను దానికి చూపించకుండా దాచి, వాటితో పోల్చాం. తల నుంచి శివారుకు తేదీలు ఎలా సాగుతాయో మోడల్ బాగానే పట్టింది. ఆక్వా చెరువులు ఎక్కువున్న ఊళ్లలో మాత్రం అంతగా కుదరలేదు. చెరువుల వల్ల ఉప్పు, మురుగు పక్క వరి చేల మీదికి ఎలా వస్తాయన్నది విడిగా ఒక మోడల్ కట్టాల్సినంత పని. ఆ ఊళ్ల ఫలితాలను నివేదికలో పక్కన పెట్టాం.

ఇంకో పరీక్ష 2011. ఆ ఏడాది కోనసీమలో రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన లాంటి తీర మండలాల్లో చేలు బీడు పడ్డాయి. కారణాలు పరిశీలించడానికి ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. పెరిగిన పెట్టుబడి, గిట్టని ధర, దిగని మురుగు, కూలీల కొరత: రైతులు అప్పుడు చెప్పినవి ఇవి. డెల్టా రైతు గురించి కట్టిన మోడల్ ఏదైనా, ఆ పరిస్థితులిస్తే చేను బీడు పెట్టే నిర్ణయం దానంతట అదే బయటికి రావాలి. రాకపోతే ఆ మోడల్‌లో ఉన్నది రైతు కాదు, యంత్రం. మా మోడల్‌లో బీడు ముందుగా మురుగు నిలిచే శివారు కమతాల్లో, అందులోనూ కౌలు ఎక్కువున్న చోట మొదలై, ఇరుగుపొరుగును చూసి పాకింది. ఎన్ని ఎకరాలన్న అంకెను మేం పట్టించుకోలేదు. ఎక్కడ మొదలవుతుంది, ఎటు పాకుతుంది అన్నదే చూశాం.

తేలిన విషయాలు

జూన్ 1కి నీళ్లిస్తే కాలువ తలలో నారుమళ్లు దాదాపు అంతే ముందుకు జరిగాయి. శివారుకొచ్చేసరికి ఆ జరుగుడు చాలావరకు కరిగిపోయింది. అంటే నీళ్ల తేదీ వల్ల వచ్చే లాభం ఎక్కువగా పైవాళ్లదే. తలకూ శివారుకూ మధ్య ఎడం పెరిగి, పైన ఊడ్పులకు, కింద నారుమళ్లకు ఒకేసారి నీరు కావలసి వచ్చింది. జూన్‌లో గోదావరిలో వరద ఇంకా రాదు కాబట్టి అది శివారుకు ఇంకా ఇబ్బంది.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది వేరే మీట. నీళ్ల తేదీని కదపకుండా, దాళ్వా ధాన్యం డబ్బులు రైతు ఖాతాలో పడే తేదీని మాత్రం ముందుకు జరిపి నడిపాం. శివారు కౌలురైతుల నారుమళ్లు నీళ్ల తేదీ జరిపినప్పటికంటే ఎక్కువ కదిలాయి. వాళ్లు కదిలేసరికి హద్దు కోసం చూస్తున్న పక్కవాళ్లూ కదిలారు. రెండూ కలిపితే ఇంకా బాగుంది. కానీ ఒక్కటే ఎంచుకోవాలంటే, నా మాట డబ్బుల తేదీ. సార్వా మొదలయ్యేది ధవళేశ్వరం గేట్ల దగ్గర కాదు, మే నెలలో పడాల్సిన డబ్బుల దగ్గర.

మురుగు సంగతి కూడా ఇక్కడే మెలిక పడింది. దాళ్వా అయిపోయాక కాలువలు మూసేసిన వారాల్లోనే పూడిక తీయడం, గుర్రపుడెక్క ఏరడం, తూములు బాగుచేయడం జరగాలి. జూన్ 1కే నీళ్లు వదిలితే ఆ వ్యవధి తగ్గుతుంది. వ్యవధి తగ్గి పనులు మిగిలిపోతే జులై, ఆగస్టు వానలకు లేత నాటు నీళ్లలో కూర్చుంటుంది. గోదావరికి వరదొచ్చి ఉంటే మురుగు దిగడానికి దారే ఉండదు. నవంబర్లో తప్పించుకున్న నష్టంలో కొంత జులైలోనే కట్టేస్తున్నామన్నమాట. పనులు పూర్తయిన సంవత్సరాలనూ కాని సంవత్సరాలనూ విడదీసి నడిపితే, శివారులో పనులు కాని చోట ముందస్తు నీటి వల్ల కౌలురైతుకు ఒరిగిందేమీ లేదు.

ముందస్తు సార్వాకు నిజమైన బలం ఉన్నది నవంబర్లో కాదు, మార్చిలో. సార్వా ముందు కోస్తే దాళ్వా ముందు పడుతుంది. దాళ్వాకు నీరు గోదావరి సహజ ప్రవాహం, సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే విడుదలల మీద ఆధారపడుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో నది ఎండే కొద్దీ వంతులవారీ నీళ్లు, శివారులో ఇంజన్లు, డీజిల్ ఖర్చు. గింజ పాలు పోసుకునే వేళకు నీరు అందకపోతే దాళ్వా పోతుంది. కౌలురైతు ఏడాది బతుకు సాగేది దాళ్వా మీదే. మోడల్‌లో కౌలురైతుకు తుపాను తప్పినందువల్ల మిగిలిన దానికంటే, దాళ్వా చివరి తడులు అందినందువల్ల మిగిలింది ఎక్కువ. ఈ వాదన జూన్ 1 కోసం పట్టుబట్టేవాళ్లు కూడా గట్టిగా చెప్పగా నేను వినలేదు.

సమావేశంలో

అధికారులకు ఒక అంకె కావాలి. అది సహజమే, ఫైలు మీద రాయాల్సింది అదే. మేం ఒక అంకె ఇవ్వలేదు. ముగ్గురు రైతుల్ని ఇచ్చాం: తలలో సొంత భూమి ఉన్న రైతు, మధ్యలో సగం సొంతం సగం కౌలు, శివారులో పూర్తి కౌలు. ఒక్కో విధానం కింద పదేళ్లలో ఎన్నేళ్లు అప్పు మిగులుతుంది అన్నది ఒక వరుస. ఎకరాకు ఎన్ని బస్తాలు చేతికొస్తాయి అన్నది ఇంకో వరుస. శాతాలు, రూపాయల కోట్లు తీసేశాం. బస్తాల్లో చెప్పేసరికి నీటి సంఘాల వాళ్లు కూడా చర్చలోకి వచ్చారు. ఒకాయన మా శివారు దిగుబడి మరీ తక్కువ వేశారని అక్కడికక్కడే పేచీ పెట్టుకున్నాడు. దిగుబడి మార్చి ఆయన ముందే మళ్లీ నడిపి చూపించాం, ఏ విధానం మెరుగన్న క్రమం మారలేదు. మోడల్‌ను అలా తెరిచి పెట్టగలగడం నా దృష్టిలో దాని కచ్చితత్వం కంటే ముఖ్యం. మూసిన పెట్టెలోంచి వచ్చిన జవాబును గోదావరి జిల్లాల రైతు నమ్మడు, నమ్మనక్కర్లేదు కూడా.

ఒక ఇంజనీర్ అడిగిన ప్రశ్న మాత్రం గట్టిది. “ఇదంతా పాత అలవాట్ల మీద కట్టారు కదా. ఏటా జూన్ 1 అని ఖాయం చేస్తే అలవాట్లే మారతాయి కదండీ?” ఆర్థికశాస్త్రంలో రాబర్ట్ లూకస్ 1976లో వేసిన ప్రశ్న సరిగ్గా ఇదే: విధానం మారితే మనుషుల ప్రవర్తన కూడా మారుతుంది, పాత ప్రవర్తనతో కొత్త విధానాన్ని లెక్కకట్టకూడదు. మా జవాబు పాక్షికమే. డబ్బు, దారి, మురుగు అన్నవి అలవాట్లు కావు, అడ్డంకులు. తేదీ ఖాయమైనంత మాత్రాన అవి తొలగవు. ఎదుటివాళ్ల కోసం ఎదురుచూసే హద్దు మాత్రం మారొచ్చు. తేదీ మీద నమ్మకం కుదిరితే రైతులు ముందుగా కదలొచ్చు. అందుకే ఆ హద్దును తగ్గిస్తూ కూడా నడిపాం. శివారుకు కొంత మేలు జరిగింది. డబ్బుల తేదీ అలాగే ఉండిపోతే ఆ మేలు ఎంతో దూరం పోలేదు.

సమావేశం ముందస్తు తేదీ వైపే మొగ్గింది. దానితోపాటు కాలువ మూసే తేదీని, తెరిచే తేదీని ఒకే తీర్మానంలో పెట్టాలని, డ్రెయిన్ల పనుల జాబితా దాళ్వా ముగియక ముందే ఖరారు కావాలని రాశారు. డబ్బుల తేదీ ఆ మండలి పరిధిలోనిది కాదు. దాని మీద మా నోటు వేరే శాఖకు వెళ్లింది. నీళ్లు ఒకరివి, డబ్బులు ఒకరివి, మురుగు ఇంకొకరిది. రైతుకు మాత్రం మూడూ ఒకే చేలో ఉంటాయి.

ఇంకో ప్రతిపాదన ప్రయోగంగా మిగిలింది: మొదటి రోజుల్లో నీళ్లు శివారుకు ముందివ్వడం. ఎకరం నాటుకు నారుమడి ఐదు సెంట్లు చాలు, కాబట్టి నారుమళ్ల దశలో శివారుకు కావలసిన నీరు తక్కువే. పై తూములు ఆ కొద్ది రోజులు మూసి ఉంచితే చాలు. కాగితం మీద ఎవరికీ పెద్ద నష్టం లేదు. కానీ పై తూముల్లో కొన్ని రాత్రిపూట తెరుచుకుంటే ఏమవుతుందో కూడా నడిపాం. కొద్దిపాటి దొంగ నీటిని కాలువ తట్టుకుంది. ఒక మోతాదు దాటాక శివారుకు మామూలు పద్ధతిలో వచ్చేదానికంటే తక్కువ వచ్చింది. పైవాళ్లు దమ్ములకు దిగిపోయారు, తర్వాత వంతు అడిగే హక్కు శివారుకు పోయింది. కాబట్టి లస్కర్ (తూము తెరిచి మూసే కాలువ ఉద్యోగి) లేని తూములు సగానికి మించి ఉన్న కాలువ మీద దీన్ని మొదలుపెట్టవద్దని నివేదికలో స్పష్టంగా రాశాం. ప్రయోగానికి ఏ కాలువ అన్నది లస్కర్ల జాబితా చూసి తేల్చాలి.